పాట ఎప్పుడు మొదలవుద్ది అని అడక్కండి: డ్రోన్, యాంబియెంట్ వినడం ఎలా, మన వైజాగ్ లెక్కలో

డ్రోన్ మ్యూజిక్ (ఎగిరే డ్రోన్ కాదు, ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకునే సంగీతం) ఎవరికి వినిపించినా రెండో నిమిషంలో ఒకటే ప్రశ్న, "పాట ఎప్పుడు మొదలవుద్ది?" మూడో నిమిషానికి ఫోన్ హ్యాంగ్ అయిందేమో అని తొంగి చూస్తారు. మా ఇంట్లో అయితే "ఏట్రా ఆ రొద, మిక్సీ గానీ పాడైపోనాదా" అని వంటింట్లోంచి కేక. వాళ్ళ తప్పేం లేదు. పాట అంటే పల్లవి వస్తాది, తర్వాత చరణం, మధ్యలో ఒక బిట్, మళ్ళీ పల్లవి, ఇలా నెక్స్ట్ ఏం వస్తాదా అని చెవి ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటుంది, చిన్నప్పట్నించీ అదే అలవాటు. ఇక్కడ ఆ నెక్స్ట్ అనేదే ఉండదు. ఆల్రెడీ మోగుతున్న శబ్దం లోపల ఇంకేం ఉన్నాయో వెతుక్కోవడమే వినడం. ఈ ఒక్క ముక్క ఒంటబడితే మిగతాదంతా సెటప్ పని: వాల్యూమ్ ఎంత, ఏ టైంలో, ఏ గదిలో, ముందు ఏది తర్వాత ఏది. అవే చెప్తాను.

ముందు ఒక గొడవ తేల్చుకుందాం. యాంబియెంట్, డ్రోన్ రెండూ ఒకటే అనుకుని ఒకేలా వింటారు చాలామంది, అక్కడే సగం మంది వదిలేస్తారు. యాంబియెంట్ అనే పేరు పాపులర్ చేసింది ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో, 1978 నాటి మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్ రికార్డుతో. ఆ రికార్డు మీద ఆయన రాసుకున్నదాని సారం ఏంటంటే, పట్టించుకోకుండా వదిలేసినా ఇబ్బంది ఉండకూడదు, పట్టించుకుంటే మాత్రం అందులో విషయం ఉండాలి. అంటే ఇది పని చేసుకుంటూ, అన్నం తింటూ, బట్టలు మడతేస్తూ వినొచ్చు, అలా వినడానికే చేశారు. డ్రోన్ అలా కాదు. ఒకే స్వరాన్నో రెండు స్వరాల్నో అరగంటో గంటో పట్టుకుని కూర్చునే సంగీతం అది, బ్యాక్‌గ్రౌండ్‌లో పెడితే నిజంగానే మిక్సీ రొదలాగే ఉంటుంది, కూర్చుని వింటేనే ఏదైనా దొరుకుతుంది. ఈ రెండిట్నీ కలిపేసి "8 గంటల గాఢ నిద్ర" అని యూట్యూబ్‌లో పెట్టేవి ఉంటాయి చూడండి, వాటి మీద నాకు పెద్ద గౌరవం లేదు, నిద్ర పట్టకపోతే పెట్టుకోండి కాదన్ను, కానీ వాటితో మొదలుపెడితే ఈ సంగీతం అంతా జోకొట్టడానికే పుట్టింది అన్న అభిప్రాయం పడిపోతుంది, తర్వాత అది పోదు.

ఇప్పుడు మొదటి పని. ఈనో కాదు, ఎవరూ కాదు, తంబురా. ఫోన్‌లో ఏదైనా ఫ్రీ తంబురా యాప్ దింపుకోండి, శ్రుతి మీ గొంతుకి సరిపోయేది పెట్టుకోండి, కచేరీలో లాగా పైన ఎవరూ పాడకుండా ఒట్టి తంబురానే ఇరవై నిమిషాలు వినండి. తంబురాకి నాలుగు తీగలు, ఒకటి పంచమం, రెండు మధ్య షడ్జమాలు, చివరిది మంద్ర షడ్జమం. అంటే మీటేది స, ప మాత్రమే. కానీ ఒక ఐదారు నిమిషాలు పోయాక, తంబురా బాగా శ్రుతిలో ఉంటే, ఎవరూ మీటని ఒక గాంధారం పైనెక్కడో సన్నగా మోగుతూ వినబడుతుంది. సంగీతం మేష్టార్లు దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. మాయేం లేదు, ఏ తీగ మీటినా దాని మూల స్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు ఫ్రీక్వెన్సీ ఉన్న అనుస్వరాలు కూడా కలిసే మోగుతాయి, మంద్ర షడ్జమానికి ఐదో రెట్టులో వచ్చేదే ఆ అంతర గాంధారం. తీగకీ బ్రిడ్జికీ మధ్యలో జీవ అని ఒక నూలు దారం పెడతారు కదా, ఆ పై స్వరాలన్నీ అంత జుంయ్ మని విచ్చుకోడానికే అది. మొదటిసారి వినబడకపోవచ్చు. ఇంకోరోజు కూర్చోండి. ఆ గాంధారం ఒక్కసారి దొరికిందంటే మీకు డ్రోన్ వినడం వచ్చేసినట్టే, నిజంగా చెప్తున్నా, ఇంక పైదంతా దీన్నే ఇంకా పెద్దగా, ఇంకా ఎక్కువసేపు చేసినవాళ్ళ కథ. బొబ్బిలి వీణలు పక్క జిల్లాలో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు మీద కళాక్షేత్రం మన ఊళ్ళోనే, పెళ్ళిలో సన్నాయి పక్కన శ్రుతి పట్టుకుని తెగకుండా ఒకే స్వరం ఊదే మనిషిని అందరం చూశాం (ఆయన వైపు ఒక్కళ్ళూ చూడరు పాపం, ఈసారి పెళ్ళికెళ్తే కాసేపు ఆయన్నొక్కడ్నే వినండి), మనకి ఇది కొత్త అని ఎవరైనా అంటే ఏం చెప్పాలో తెలీదు నాకు.

పైగా అక్కడివాళ్ళు కూడా ఇక్కడికే వచ్చారు. అమెరికన్ కంపోజర్ లా మాంట్ యంగ్, 1960లో రెండంటే రెండు స్వరాలు రాసి "చాలాసేపు పట్టుకోండి" అని కింద రాస్తే అదే మొత్తం కంపోజిషన్, ఆ మనిషి 1970 నుంచి హిందుస్తానీలో కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేశాడు. చిన్నప్పుడు చెక్క ఇంటి సందుల్లోంచి వచ్చే గాలి చప్పుడూ, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల గుంయ్యి మనే చప్పుడూ తన మీద బాగా పనిచేశాయని చెప్పుకునేవాడు. ఇది మీరు ఈ రాత్రే టెస్ట్ చేసుకోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సైకిల్స్, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోర్ ప్రతి సైకిల్‌కీ రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది కాబట్టి దాని గుంయ్ 100 హెర్ట్జ్‌లో ఉంటుంది, మన కర్ణాటక సంగీతం లెక్కలో 5 శ్రుతికి (పాశ్చాత్య లెక్కలో G) కొంచెం పైన. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 120. మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రాత్రి పదకొండు దాటాక ఒక ఐదు నిమిషాలు నిలబడండి, దూరంగానే లెండి, ముట్టుకోమనట్లేదు, తంబురా యాప్ 5లో పెట్టి చెవి దగ్గర పట్టుకోండి. రెండూ దాదాపు కలిసి, పూర్తిగా కలవకుండా, మధ్యలో ఊగుతుంటాయి. ఆ ఊగడాన్ని బీట్స్ అంటారు, ఒకటి 100, ఇంకోటి 98 అయితే సెకనుకి రెండుసార్లు శబ్దం లేచి పడుతుంది. పైన అనుస్వరాల్లో ఇంకా తొందరగా ఊగుతుంది. డ్రోన్ ఆల్బమ్స్‌లో సగం పని ఈ ఊగడంతోనే చేస్తారు, "ఏం మార్పు లేదు" అనుకున్న చోట ఏం మారుతోందో ఇదే. అటుగా వెళ్ళేవాళ్ళు ఏమనుకుంటారంటే, అనుకోనీండి.

వినే సామాను గురించి పెద్ద రామాయణం అక్కర్లేదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, దానికి కింది స్వరాలు అసలు పలకవు, డ్రోన్‌లో అసలు సరుకంతా కిందే ఉంటుంది. చేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ కూడా అంతంతమాత్రమే. మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు, చెవికి టైట్‌గా పట్టేలా బుడిపెల సైజ్ మార్చుకోండి, బుడిపె లూజ్‌గా ఉంటే బేస్ మొత్తం బయటికి పోతుంది, వెయ్యి రూపాయలవైనా పదివేలవైనా ఇదే కథ. పెద్ద హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిదే కానీ మన ఊరి ఉక్కపోతలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా గంటసేపు చెవులు మూసుకుని కూర్చోవడం తపస్సు, అప్పుడు స్పీకర్లకి మారిపోండి. పాత స్టీరియో సెట్టు అటక మీద ఉంటే దింపండి, బీచ్ దగ్గర ఇళ్ళయితే ఉప్పు గాలికి పిన్నులు తుప్పు పట్టేసి ఉంటాయి, ముందు అవి తుడవాలి.

వాల్యూమ్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తేడా చేసేది ఇక్కడే. మన చెవికి సౌండ్ తగ్గే కొద్దీ బేస్ మిగతావాటి కంటే ఎక్కువ తగ్గినట్టు వినిపిస్తుంది, చెవి తయారీయే అంత, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. అందుకే డ్రోన్‌ని మరీ తగ్గించి పెడితే పునాది పోయి పైన జుయ్ మనేది ఒక్కటే మిగులుతుంది, చిరాకొచ్చేది దానికే. కాబట్టి డ్రోన్‌కి కింది స్వరం ఛాతీకి తెలిసేంత సౌండ్ కావాలి. అలాగని ఫుల్ పెట్టేయొద్దు, ఇవి పాటల్లాగా నాలుగు నిమిషాల్లో అయిపోవు, గంటలు గంటలు ఒకే లెవెల్లో మోగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. విన్నాక చెవిలో గుయ్ మంటే అది ఆర్ట్ కాదు, ఎక్కువైంది అని అర్థం. యాంబియెంట్‌కి రివర్స్, తగ్గించండి, ఇంకా తగ్గించండి, ఫ్యాన్ చప్పుడులో సగం మునిగిపోయేంత. ఈనోకి ఆ ఆలోచన వచ్చిందే అలా, 1975లో యాక్సిడెంటై మంచం మీద ఉంటే ఒక ఫ్రెండ్ వచ్చి హార్ప్ రికార్డు ఇచ్చి వెళ్ళింది, పెట్టుకుని పడుకున్నాక చూస్తే సౌండ్ బాగా తక్కువ, ఒక పక్క స్పీకర్ పలకట్లేదు, లేచి సరిచేసే ఓపిక లేదు, బయట వాన. ఆ వానలో కలిసిపోయిన సంగీతమే బావుందనిపించింది ఆయనకి. తుఫాను సీజన్లో కిటికీ తీసి మీరూ ట్రై చెయ్యండి, నవంబర్‌లో మనకి అలాంటి రోజులకి కొదవ లేదు.

స్పీకర్ల మీద వింటే ఇంకో సరదా ఉంది. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు మూడున్నర మీటర్లు, మన 10 బై 12 బెడ్‌రూమ్ పొడవూ దాదాపు అంతే. గోడల మధ్య ఇటూ అటూ కొట్టుకుని ఆ స్వరం గదిలో కొన్ని చోట్ల గట్టిగా, కొన్ని చోట్ల దాదాపు మాయం. డ్రోన్ పెట్టి నెమ్మదిగా గదిలో నడవండి, మూలకి వెళ్ళండి, మంచం మధ్యలో కూర్చోండి, తల ఊరికే పక్కకి తిప్పండి, ప్రతిచోటా వేరే సంగీతం. న్యూయార్క్‌లో లా మాంట్ యంగ్, ఆయన భార్య మారియన్ జజీలా కలిసి పెట్టిన డ్రీమ్ హౌస్ మొత్తం దీని మీదే నడుస్తుంది, జనం అక్కడికెళ్ళి కార్పెట్ మీద కూర్చుని తల తిప్పుకుంటూ ఉంటారు. మన టైల్స్ ఫ్లోరు, సిమెంటు గోడలు, పరదాలు లేని గదుల్లో ఈ ఎఫెక్ట్ బాగా వస్తుంది, పాటలకి పనికిరాని గదే దీనికి పనికొస్తుంది.

టైం విషయం. డ్రోన్‌కి పగలు వద్దు, హారన్లు, గ్యాస్ బండి, పక్కింటి టీవీ. రాత్రి పదిన్నర తర్వాత, లేదా తెల్లారుజామున నాలుగున్నర అయిదు. కరెంటు పోయినప్పుడు ఇంకా మంచిది, ఫ్యాన్, ఫ్రిజ్ రెండూ ఒకేసారి ఆగితే ఇల్లు ఎంత మోగుతోందో అప్పుడు తెలుస్తుంది, అప్పటిదాకా చెవి దాన్ని లెక్కలోంచి తీసేసి ఉంటుంది. ఒకే శబ్దం ఎక్కువసేపు వింటే చెవి, బుర్ర కలిసి దాన్ని పక్కన పడేస్తాయి, అది పక్కకి పోయాకే దాని వెనకున్న చిన్నవి బయటికొస్తాయి. అందుకే మొదటి ఏడెనిమిది నిమిషాలు విసుగ్గా ఉంటుంది, ఉండాలి కూడా. ఆ టైంలో ఫోన్ తీశారంటే మళ్ళీ ఒకటో నిమిషమే. ఫోన్‌ని బోర్లా పెట్టి, డేటా ఆపి, ముందే డౌన్‌లోడ్ చేసుకున్నది పెట్టండి. షఫుల్ ఆపండి, ఒక ట్రాక్ చివర్లోకి ఇంకోటి చొరబడే క్రాస్‌ఫేడ్ ఆపండి, ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మధ్యలో గ్యాప్ రాకుండా గ్యాప్‌లెస్ ఆన్ చెయ్యండి. యూట్యూబ్‌లో ఫ్రీగా వింటే నలభయ్యో నిమిషంలో గోల్డ్ లోన్ యాడ్ వస్తుంది, గుండె ఆగిపోతుంది, అంతకంటే బ్యాండ్‌క్యాంప్ అనే మ్యూజిక్ సైట్‌లో చాలామంది ఆర్టిస్టులు మీకు తోచినంత ఇవ్వండి అని పెడతారు, కొనుక్కుని ఫైల్ దాచుకోండి.

ఆర్.కే. బీచ్‌లో కూర్చుని వింటే బావుంటుంది కదా అని అందరూ అడుగుతారు. బావుండదు. సముద్రం హోరులో కింద నుంచి పై దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి, డ్రోన్ దాన్లో పడితే కనబడదు, దాన్ని గెలవాలని వాల్యూమ్ పెంచుతారు, చెవి పోతుంది. బీచ్‌కి వెళ్తే ఇయర్‌ఫోన్స్ జేబులో పెట్టుకుని సముద్రాన్నే వినండి, పొద్దున్నే వాకర్స్ కోసం బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేసే టైంలో. తొట్లకొండ మీద గాలి, ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల డీజిల్ ఇంజన్లు ఒకదానితో ఒకటి కలవకుండా కొట్టుకోవడం, రాత్రి డాల్ఫిన్ నోస్ వైపు నుంచి ఓడ హారన్ ఒక్కటి వచ్చి కొండలకి తగిలి సాగడం, అరకు రైలు సొరంగంలోకి దూరగానే చప్పుడు మొత్తం రంగు మారిపోవడం, ఇవన్నీ చెవికి ఫ్రీ ట్యూషన్. పాలీన్ ఒలివెరోస్ అనే అమెరికన్ కంపోజర్ ఈ పద్ధతికే డీప్ లిజనింగ్ అని పేరు పెట్టింది, 1988లో భూమి లోపలున్న ఒక ఖాళీ నీళ్ళ ట్యాంకులోకి అకార్డియన్ పట్టుకుని దిగింది, ఆ ట్యాంకులో ఒక శబ్దం చేస్తే 45 సెకన్ల దాకా మోగుతూనే ఉంటుంది, దాంతోనే ఆల్బమ్ చేశారు.

ఏది ముందు వినాలి అంటే నా లెక్క ఇది. మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్‌లో మొదటి ట్రాక్, పదిహేడు నిమిషాల పియానో, ఎవరికైనా ఎక్కుతుంది. తర్వాత అందులోనే రెండోది, గొంతులు మాత్రమే ఉండేది, అందులో ఒక్కో స్వరం ఒక్కో టేపు ముక్క మీద తిరుగుతుంది, ఒకటి ఇరవైమూడున్నర సెకన్లకి మళ్ళీ వస్తే ఇంకోటి దాదాపు ఇరవయ్యారుకి, ఇంకోటి దాదాపు ముప్ఫైకి, అందుకే అదే స్వరాలైనా ఒకసారి కలిసినట్టు ఇంకోసారి కలవవు. ఆ తర్వాత జపాన్ హిరోషి యోషిమురా 1982లో చేసింది, మ్యూజిక్ ఫర్ నైన్ పోస్ట్ కార్డ్స్, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక పెట్టండి. ఇక్కడిదాకా పని చేసుకుంటూ వినొచ్చు. ఇక్కణ్ణించి కూర్చోవాలి. విలియం బసిన్‌స్కీ డిసింటిగ్రేషన్ లూప్స్, 1980ల నాటి తన పాత టేపుల్ని 2001లో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే టేపు మీది పూత రాలిపోవడం మొదలైంది, ఆయన ఆపకుండా అలాగే తిరగనిచ్చాడు, ఒకే చిన్న బాణీ గంటసేపు తిరుగుతూ ప్రతి తిరుగుడుకీ కొంచెం కొంచెం చిరిగిపోతుంది, మధ్యలో నుంచి వింటే ఏమీ ఉండదు, మొదటి నుంచీ వినాలి. క్యాసెట్లు అరిగి సాగిపోయిన కాలం తెలిసినవాళ్ళకి ఇది వేరేగా తగులుతుంది.

ఆ తర్వాత ఎలియాన్ రాదిగ్. ఫ్రాన్స్ ఆవిడ, ఏళ్ళ తరబడి ఒకే సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం), ఏఆర్పీ 2500, దాంతోనే పనిచేసింది, టిబెటన్ బౌద్ధం తీసుకుంది. ట్రిలజీ ద లా మోర్ అని మూడు భాగాలు, ఒక్కోటి దాదాపు గంట, రెండో భాగం పేరు కైలాష, కైలాస పర్వతం చుట్టూ ఊహలో చేసిన ప్రదక్షిణ అది. మన కైలాసగిరి కాదులెండి, టాయ్ ట్రైన్ ఉండదు. ఇందులో మార్పు ఎంత నిదానం అంటే మారుతున్నప్పుడు తెలీదు, మారిపోయాక "ఇందాక ఇలా లేదే" అనిపిస్తుంది. నా దృష్టిలో డ్రోన్‌లో దీన్ని మించింది లేదు, కానీ దీంతో మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను. నిద్రొస్తే పడుకోండి, లేచాక అక్కణ్ణించే వినండి, ఎవరూ మార్కులు వెయ్యరు. టిమ్ హెకర్ 2010లో ఐస్‌లాండ్ చర్చిలో పైప్ ఆర్గన్ మీద రికార్డు చేసి తర్వాత దాన్ని కంప్యూటర్లో చీల్చి చెండాడిన రేవ్‌డెత్ 1972 కూడా ఈ వరసలోనే, అది మాత్రం సౌండ్ పెంచి. కొన్ని డార్క్ రకాలు వింటే కడుపులో దడ పుడుతుంది, మీకు అప్పటికే మనసు బాగోలేని రోజున అవి వద్దు, ఈనో దగ్గరికి వెనక్కి వచ్చేయండి.

ఎక్స్‌పెరిమెంటల్ ఎలక్ట్రానిక్ అనేది పెద్ద సముద్రం, అందులో ఒకటి రెండు తలుపులే చూపిస్తా. 1948లో పియేర్ షాఫర్ పారిస్ స్టేషన్‌లో రైళ్ళ చప్పుడు రికార్డు చేసి, ముక్కలు చేసి, తిరగేసి ఒక కంపోజిషన్ చేశాడు, మూడు నిమిషాలే, వినేయండి. మన దేశంలో కూడా జరిగింది, ఇది చాలామందికి తెలీదు, 1969లో అహ్మదాబాద్ ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మూగ్ అనే కంపెనీ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు, అమెరికా నుంచి కంపోజర్ డేవిడ్ ట్యూడర్ వచ్చి సెట్ చేశాడు, గీతా సారాభాయ్ లాంటివాళ్ళు అక్కడ పనిచేశారు, ఆ టేపులు ఏళ్ళ తరబడి మూలన పడి ఉంటే 2023లో ది ఎన్ఐడీ టేప్స్ అని రిలీజ్ అయ్యాయి. గరుకుగా ఉంటాయి, కొన్ని ఒట్టి టెస్టింగ్‌లా ఉంటాయి, నాకు ఆ గరుకే నచ్చింది. చరణ్‌జిత్ సింగ్ 1982లో రాగాల్ని డ్రమ్ మెషిన్ మీద ఎక్కించింది డ్రోన్ కాదు గానీ కాళ్ళు కదలాలనిపిస్తే అది.

చివరిది ఇంట్లో మీరే చేసుకునేది, రెండు ఫోన్లు చాలు. అమెరికన్ కంపోజర్ ఆల్విన్ లూసియర్ 1969లో చేసిన ఐ యామ్ సిట్టింగ్ ఇన్ ఎ రూమ్ పద్ధతి. ఖాళీ గదిలో, ఫ్యాన్ ఆపి, నాలుగు వాక్యాలు మాట్లాడి ఒక ఫోన్‌లో రికార్డు చెయ్యండి. అది స్పీకర్ మీద ప్లే చేస్తూ రెండో ఫోన్‌తో రికార్డు చెయ్యండి. ఆ రెండోదాన్ని ప్లే చేసి మళ్ళీ మొదటి ఫోన్‌తో. ఇలా పదిహేను ఇరవై సార్లు. గదికి నచ్చిన స్వరాలు ప్రతిసారీ పెరుగుతాయి, నచ్చనివి తగ్గుతాయి, ఆఖరికి మీ మాటలు కరిగిపోయి ఆ గది స్వరమే మోగుతుంది. ఫోన్లో నాయిస్ రిడక్షన్ ఉంటే ఆపేయండి, లేకపోతే అదే మీ గదిని చెత్త అనుకుని తుడిచేస్తుంది, మామూలు వాయిస్ రికార్డర్ యాప్ కంటే వేవ్ (WAV) ఫైల్ సేవ్ చేసే యాప్ మేలు. హాలు, బాత్రూమ్, మెట్ల కింద, ఒక్కోచోట ఒక్కో శ్రుతి వస్తుంది. అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర చేస్తే మాత్రం వాచ్‌మన్ గారికి ముందే చెప్పి పెట్టుకోండి.